సగటు లేని చదువు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. బీఎస్సీ నర్సింగ్‌లో పరీక్షలు పెట్టేవాళ్లు ఈ మాట ఒప్పుకోరు. వాళ్లు ప్రతి మెతుకూ పట్టి చూస్తారు. థియరీ వేరుగా పాసవ్వాలి, ప్రాక్టికల్ వేరుగా పాసవ్వాలి. క్లాసు హాజరు ఒక లెక్క, వార్డు హాజరు ఇంకో లెక్క. ఒకచోట ఎక్కువ వచ్చింది కదా, ఇంకోచోట తక్కువైనా సర్దుకుంటుందిలే అనే ఆశకు ఇక్కడ చోటు లేదు.

ఒక విద్యార్థినికి మెడ్‌సర్జ్ థియరీలో 82, ప్రాక్టికల్‌లో 46 వచ్చాయనుకుందాం. కలిపితే రెండు వందలకు 128, అంటే 64 శాతం. ఇంట్లో వాళ్లకు ఇది ఫస్ట్ క్లాసులా కనిపిస్తుంది. ప్రాక్టికల్‌లో యాభై రాలేదు కాబట్టి మార్కుల మెమోలో మాత్రం ఫెయిల్ అని ఉంటుంది. అంతటితో అయిపోలేదు. రెండింట్లో ఏది తప్పినా రెండూ మళ్లీ రాయాలన్నది నియమం. కష్టపడి తెచ్చుకున్న ఆ 82 కూడా పోయినట్టే.

ఈ దెబ్బ ఎక్కువగా తెలివైన పిల్లలకే తగులుతుంది. ఇంటర్ దాకా మన ఇళ్లలో మార్కులంటే మొత్తమే. ఎంసెట్‌లో ఫిజిక్స్ పోతే బోటనీలో రాబట్టుకుంటాం, ర్యాంకుకు ఆ తేడా తెలియదు. రెండేళ్ల పాటు అదే లెక్క నరాల్లోకి ఎక్కించుకుని వచ్చినవాళ్లు నర్సింగ్ మొదటి సెమిస్టర్‌లోనూ బలమైన సబ్జెక్టులే మళ్లీ మళ్లీ చదువుతారు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఈ నాలుగేళ్లూ మీ కన్ను మొత్తం మీద కాదు, మీకు వచ్చే అతి తక్కువ మార్కు మీద ఉండాలి.

ఎందుకింత కఠినం అని అడగడం న్యాయమే. డిగాక్సిన్ 0.25 మిల్లీగ్రాములు ఇవ్వాల్సినచోట చుక్క జరిగి 2.5 అయిందంటే, ఆ నర్సుకు అనాటమీలో 90 వచ్చిన సంగతి రోగికి ఏ విధంగానూ పనికిరాదు. ఒక నైపుణ్యం లేకపోవడాన్ని ఇంకో నైపుణ్యం పూడ్చలేని వృత్తి ఇది. నియమాలు రాసినవాళ్లు పిల్లల మీద కక్షతో రాయలేదు. కాకపోతే వాటిని మొదటి రోజే విడమర్చి చెప్పే కాలేజీలు మాత్రం తక్కువ. అందుకే అవి మొదటిసారి ఫెయిలయ్యాకే చాలామందికి తెలుస్తాయి.

దేశమంతటికీ ఈ నియమాల మూలం భారత నర్సింగ్ మండలి. ఐఎన్‌సీ అని అందరూ అనేది దాన్నే, 1947 నాటి చట్టంతో ఏర్పడింది. బీఎస్సీ నర్సింగ్‌ను ఏడాది పద్ధతి నుంచి సెమిస్టర్ పద్ధతికి మార్చిన కొత్త నిబంధనలు 2021లో గెజిట్‌లో వచ్చాయి. ఎనిమిది సెమిస్టర్లు, క్రెడిట్లు, గ్రేడ్లు అప్పటినుంచే. పరీక్షలు పెట్టేది, ఫలితాలిచ్చేది మాత్రం యూనివర్సిటీ: తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. ఐఎన్‌సీ స్థానంలో కొత్త కమిషన్ తెచ్చే చట్టం కూడా 2023లో పార్లమెంటులో పాసైంది. కాబట్టి సీనియర్ అక్క చెప్పిన నియమం ఆమె బ్యాచ్‌కు సరైనదే అయినా మీ బ్యాచ్‌కు కాకపోవచ్చు. మీరు చేరిన ఏడాదికి వర్తించే నిబంధనల పుస్తకం ప్రింటు తీసి హాస్టల్ గదిలో పెట్టుకోండి. జీఎన్ఎం చదివేవాళ్ల పరీక్షలు, నియమాలు వేరు. వాళ్లు తమ బోర్డు పుస్తకం చూసుకోవాలి.

ఇక హాజరు సంగతి. ప్రతి సబ్జెక్టులో, థియరీకీ ప్రాక్టికల్‌కూ, 80 శాతం ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు. నిబంధనలో ఇంకో చిన్న మాట ఉంది, చాలామంది దాన్ని దాటేసి చదువుతారు: గైర్హాజరు ఏ కారణంతోనైనా సరే. జ్వరమైనా, అక్క పెళ్లైనా, ఇంట్లో చావైనా లెక్క ఒకటే. డాక్టర్ సర్టిఫికెట్ తెస్తే మేడమ్ మనసు కరుగుతుందేమో కానీ శాతం పెరగదు.

ఇక్కడ చిన్న సబ్జెక్టులే ప్రమాదం. మూడో సెమిస్టర్‌లో మెడ్‌సర్జ్ (కొత్త సిలబస్‌లో దాని పేరు అడల్ట్ హెల్త్ నర్సింగ్) థియరీ 140 గంటలు. అందులో 28 గంటలు పోయినా గండం గడుస్తుంది. అదే సెమిస్టర్‌లో ఫార్మకాలజీ మొదటి భాగం మొత్తం కలిపి 20 గంటలే. నాలుగు క్లాసులు పోయాయంటే గీత మీద నిలబడ్డట్టు, ఐదోది పోతే పడ్డట్టు. సంక్రాంతికి ఊరెళ్లి రెండ్రోజులు ఎక్కువ ఉండి వచ్చేటప్పుడు వేసుకోవాల్సిన లెక్క ఇది. టైమ్‌టేబుల్ చేతికి రాగానే తక్కువ గంటల సబ్జెక్టులు ఏవో చూసి, వాటి పక్కన ఎన్ని క్లాసులు పోవచ్చో అంకె వేసుకోండి. మొత్తం హాజరు 88 శాతం ఉందని ధీమాగా ఉన్న అమ్మాయి ఒక్క సబ్జెక్టులో 75 దగ్గర ఆగిపోవడం ఈ లెక్క వేసుకోకపోవడం వల్లే.

వార్డు హాజరు మరీ గట్టిది. పరీక్షకు కూర్చోవడానికి 80 చాలు కానీ, డిగ్రీ చేతికి రావాలంటే ప్రతి ప్రాక్టికల్ విభాగంలో నూటికి నూరు ఉండాలి. తప్పిన పోస్టింగ్ ఎప్పుడో ఒకప్పుడు పూర్తి చేయాల్సిందే. చాలామంది దీన్ని చివరి సెమిస్టర్‌కు వదిలేస్తారు. అది తెలివితక్కువ పని. ఆ సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. 22 వారాలు, వారానికి 48 గంటలు. దాని మీద పాత బాకీలు కూడా మోయాలంటే మనిషి నిలవదు. పీడియాట్రిక్ వార్డులో మూడు రోజులు తప్పితే, ఆ పోస్టింగ్ అయిపోకముందే క్లినికల్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లి ఏ సెలవుల్లో పూర్తి చేయాలో అడగండి. పూర్తి చేసినరోజే లాగ్‌బుక్‌లో సంతకం పెట్టించుకోండి. సెమిస్టర్ చివరి వారంలో స్టాఫ్ రూము ముందు లాగ్‌బుక్కులు పట్టుకుని బారులు తీరే దృశ్యం ప్రతి కాలేజీలో ఉంటుంది. ఆ వరుసలో సగం మంది ఏ రోజు ఏ ప్రొసీజర్ చేశారో మరిచిపోయి ఉంటారు. సంతకం పెట్టే మేడమ్‌కూ అది గుర్తుండదు.

ఇంటర్నల్స్ గురించి కాస్త నెమ్మదిగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే అపోహలు ఎక్కువ ఉన్నది ఇక్కడే. థియరీకి 25 ఇంటర్నల్, 75 యూనివర్సిటీ పరీక్ష. ఆ 25లో 15 రెండు సెషనల్ పరీక్షలవి, పది నిరంతర మూల్యాంకనానివి. ఆ పదిలో అసైన్‌మెంట్లు, సెమినార్, గ్రూప్ ప్రాజెక్టు, హాజరు కలిసి ఉంటాయి. హాజరుకు రెండు మార్కులు, అదీ 95 శాతం దాటితేనే. పైగా ఇవన్నీ కలిపి 30కి వేసి మూడుతో భాగిస్తారు. అంటే ఆ రెండు మార్కులు చివరికి ఒక మార్కు కూడా కావు. ఆ ముక్క కోసం జ్వరంతో క్లాసులో కూర్చోవడం అనవసరం. సెషనల్స్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఎలాగూ యూనివర్సిటీలో రాసేస్తాం అనుకుని మొదటి సెషనల్ ఊరికే రాసొచ్చేవాళ్లు, ఇరవై అయిదులో పెద్ద ముక్కను చేతులారా వదులుకుంటున్నారు.

కొన్ని సబ్జెక్టులు రెండు సెమిస్టర్ల మీద నడుస్తాయి. నర్సింగ్ ఫౌండేషన్ మొదటి రెండింట్లో, ఫార్మకాలజీ, పాథాలజీ మూడు, నాలుగింట్లో, చైల్డ్ హెల్త్, మెంటల్ హెల్త్ ఐదు, ఆరింట్లో, మిడ్‌వైఫరీ ఆరు, ఏడింట్లో. యూనివర్సిటీ పరీక్ష రెండో సెమిస్టర్‌లోనే ఉంటుంది కాబట్టి మొదటి సగాన్ని సెలవుల్లా గడిపేయడం రివాజు. కానీ రెండు సెమిస్టర్ల ఇంటర్నల్స్ సగటే లెక్కలోకి వెళ్తుంది. మూడో సెమిస్టర్ ఫార్మకాలజీలో 10, నాలుగో సెమిస్టర్‌లో 20 వస్తే చేతిలో ఉన్నది 15. మొత్తం మీద యాభై దాటాలంటే 75కి 35 తెచ్చుకోవాలి. రెండుసార్లూ 20 వస్తే 30 చాలు. రాతపరీక్షలో విడిగా కనీస మార్కులు ఉండాలని మీ యూనివర్సిటీ అడుగుతుందేమో కూడా పుస్తకంలో చూసుకోండి. ఈ చదువులో సగటు అనేది కనిపించే అరుదైన చోటు ఇదొకటి, ఇక్కడ కూడా అది మన నిర్లక్ష్యాన్ని గుర్తుపెట్టుకోవడానికే పనికొస్తుంది.

ఇంటర్నల్ మార్కులను క్రమశిక్షణ కర్రలా వాడే టీచర్లు ఉన్నారు. ఎదురు మాట్లాడిందని తగ్గించడం, చెప్పిన పనులు చేసిపెట్టిందని పెంచడం నా దృష్టిలో తప్పు. దీనికి మందు గొడవ పడటం కాదు. ప్రతి అసైన్‌మెంట్‌కూ ఏ అంశానికి ఎన్ని మార్కులో ముందే అడగండి, దిద్దిన కాగితాలు దాచుకోండి. ఇంటర్నల్ మార్కులు యూనివర్సిటీకి వెళ్లకముందే చూపించమని క్లాస్ కోఆర్డినేటర్‌ను మర్యాదగా అడగండి. తేడా కనిపిస్తే కాగితం మీద రాసివ్వండి. “మేడమ్, నా రెండో కేస్ స్టడీకి మార్కులు పడలేదనుకుంటున్నాను, ఒకసారి చూస్తారా” అంటే చాలు. మార్కులు వెళ్లిపోయాక ఎంత న్యాయం మీ వైపున్నా ఎవరూ ఏమీ చేయలేరు.

ప్రాక్టికల్‌లో 50 ఇంటర్నల్, 50 పరీక్ష. అందులో ఆస్కీ అనే స్టేషన్ల పరీక్ష, నేరుగా చూసి మార్కులు వేసే ప్రొసీజర్లు ఉంటాయి. ఆస్కీ నర్సింగ్‌లో పుట్టింది కాదు. స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ బృందం వైద్య విద్యార్థుల కోసం తయారుచేసి 1975లో ప్రకటించింది. అంతకుముందు ప్రాక్టికల్ అంటే అదృష్టం. ఏ రోగి దొరికితే ఆ రోగి, ఏ ఎగ్జామినర్ ఉంటే ఆ ఎగ్జామినర్. ఆస్కీలో అందరికీ అవే స్టేషన్లు, అంతే సమయం, మార్కులు వేసే పట్టికా ఒకటే. అంటే ఎక్స్‌టర్నల్ మీ ముఖం చూడటం లేదు, చేతిలోని పట్టిక చూస్తున్నారు. చేతులు కడిగారా, రోగి పేరు అడిగి చేతికున్న ట్యాగుతో సరిచూశారా, ఏం చేయబోతున్నారో చెప్పి ఒప్పుకోలు తీసుకున్నారా, చేసింది రాశారా. ఇంజెక్షన్ చక్కగా చేసి ఫెయిలయ్యేవాళ్లు ఎక్కువగా ఈ పక్క పనుల్లోనే పోగొట్టుకుంటారు.

తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన పిల్లలకు ఇక్కడ అదనపు భయం ఉంటుంది: ఎక్స్‌టర్నల్ ముందు ఇంగ్లిష్‌లో నోరు పెగలదు. రోజూ వార్డులో ఒక కేసును గట్టిగా చదివినట్టు మీ తోటి విద్యార్థికి ఇంగ్లిష్‌లో చెప్పండి. పేరు, వయసు, ఫిర్యాదు, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా, ఇస్తున్న మందులు. అవే పాతిక ముప్పై వాక్యాలు తిరిగి తిరిగి వస్తాయి. వ్యాకరణం గురించి ఎవరూ మార్కులు కోయరు. రోగితో మాత్రం తెలుగులోనే మాట్లాడండి. “పెద్దమ్మా, బీపీ చూస్తాను, చెయ్యి ఇలా పెట్టండి” అనడం కమ్యూనికేషన్ స్కిల్ కిందికే వస్తుంది. చాలామంది పరీక్ష హడావిడిలో రోగిని పలకరించడమే మరిచిపోతారు.

సెమిస్టర్ నుంచి సెమిస్టర్‌కు వెళ్లడం గురించి ఒక తియ్యని భ్రమ ఉంది. ఫెయిలైనా పై సెమిస్టర్ క్లాసులకు వెళ్లొచ్చు. దాంతో కాలం గడిచిపోతోంది, బండి నడుస్తోంది అనిపిస్తుంది. గేట్లు ఉన్నది పరీక్షల దగ్గర. ఐదో సెమిస్టర్ పరీక్ష రాయాలంటే అంతకుముందువన్నీ పాసై ఉండాలి. ఏడో సెమిస్టర్‌కూ అంతే, ఎనిమిదో సెమిస్టర్‌కూ అంతే.

క్యాలెండర్ ముందు పెట్టుకుని చూస్తే ఇందులో ఒక విషయం తేలుతుంది. సప్లిమెంటరీ ఆరు నెలల్లోపు వస్తుంది. మొదటి సెమిస్టర్‌లో అనాటమీ పోయినవాళ్లకు ఐదో సెమిస్టర్ గేటు దాకా రెండు మూడు అవకాశాలుంటాయి. నాలుగో సెమిస్టర్‌లో ఫార్మకాలజీ పోయినవాళ్లకు ఉండేది ఒకటే, అదీ ఐదో సెమిస్టర్ పరీక్షలకు ముందు జరిగి ఫలితం కూడా వస్తేనే. ఆరో సెమిస్టర్ పరిస్థితీ ఇదే. పైగా రెండు సెమిస్టర్ల సబ్జెక్టుల్లో ఎక్కువ వాటికి యూనివర్సిటీ పరీక్ష పడేది ఈ సరి సంఖ్య సెమిస్టర్లలోనే. మొదటి ఏడాది భయపడి చదివి, రెండో ఏడాది అలవాటుపడి సడలిపోవడం మనిషి స్వభావం. నర్సింగ్‌లో ఆ సడలింపు సరిగ్గా గేటు ముందే వస్తుంది. నన్నడిగితే, మొత్తం కోర్సులో ఒక్క సెమిస్టర్‌కే ఒంట్లో శక్తంతా దాచుకోమంటే నాలుగోదానికే దాచుకోమంటాను.

గ్రేస్ మార్కులూ ఉన్నాయి, ఐదు దాకా. కానీ ఆ సెమిస్టర్‌లో మిగతావన్నీ పాసై ఒకే సబ్జెక్టు పోయినప్పుడు, థియరీకి, ఆ ఐదుతో గట్టెక్కుతారనుకుంటేనే. రెండు సబ్జెక్టుల్లో ఒక్కో మార్కు తక్కువైనవాళ్లకు అవి దక్కవు.

గ్రేడ్ల సంగతి త్వరగా ముగిద్దాం, అవసరమైన దానికంటే ఎక్కువ చర్చ వీటి మీదే జరుగుతుంది. యాభై నుంచి అరవై లోపు సి, ఐదు పాయింట్లు. అరవై నుంచి బి, ఆరు. అరవై ఐదు నుంచి బి ప్లస్, ఏడు. ఇంగ్లిష్‌కు, ఎలక్టివ్‌లకు మాత్రం నలభైకే పాస్. గ్రేడు పాయింటును సబ్జెక్టు క్రెడిట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఆ సెమిస్టర్ ఎస్‌జీపీఏ. మెడ్‌సర్జ్ మొదటి భాగానికి థియరీ, ల్యాబ్, క్లినికల్ కలిపి 14 క్రెడిట్లు, అదే సెమిస్టర్ ఫార్మకాలజీకి ఒకటి. కాబట్టి డిస్టింక్షన్ కోసం, అంటే చివరికి 7.5 కోసం, చూసేవాళ్లు బరువంతా మెడ్‌సర్జ్ మీద పెట్టాలి. ఫార్మకాలజీ మీ ఎస్‌జీపీఏను పెద్దగా పైకి లేపలేదు, ఫెయిలైతే మాత్రం మెడ్‌సర్జ్ ఆపినంత గట్టిగానే గేటు దగ్గర ఆపుతుంది. ముందుకు వెళ్లడానికి అన్ని సబ్జెక్టులూ సమానం, పైకి వెళ్లడానికి కాదు. చదువుకునే గంటలు పంచుకునేటప్పుడు ఈ రెండు లెక్కలూ వేర్వేరుగా వేసుకోవాలి.

విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకొక మాట. అమెరికాలో లైసెన్సు ఇచ్చే ఎన్‌క్లెక్స్ పరీక్షలో మీకు ఎన్ని మార్కులు వచ్చాయో చెప్పరు, పాస్ లేదా ఫెయిల్, అంతే. కంప్యూటర్ మీ జవాబులను బట్టి తర్వాతి ప్రశ్న ఎంచుకుంటూ, 85 నుంచి 150 ప్రశ్నల మధ్యలో, మీరు గీతకు పైనున్నారో కిందున్నారో 95 శాతం నమ్మకం కుదరగానే ఆపేస్తుంది. బ్రిటన్‌లో నర్సుల ఆస్కీకి పది స్టేషన్లు, తప్పినవి మళ్లీ పాసవ్వాల్సిందే. అక్కడా ఒకదాని మిగులు ఇంకోదానికి చెల్లదు. మీ డిగ్రీని పరిశీలించే సంస్థలు ఒక్కో సబ్జెక్టులో ఎన్ని గంటల థియరీ, ఎన్ని గంటల క్లినికల్ చేశారో కాలేజీ నుంచి రాయించి తెమ్మంటాయి. డిస్టింక్షన్ ఉన్న అమ్మాయి కూడా ఆ గంటల కాగితాల కోసం ఏళ్ల తర్వాత కాలేజీ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఇక ఫెయిలైన రోజు. మొదట చేయాల్సింది ఏడుపు ఆపుకోవడం కాదు, ఏడవండి. మర్నాడు మెమో ముందు పెట్టుకుని, పోయింది ఎక్కడో విడదీయండి. ఇంటర్నల్స్ తక్కువై పోయిందా, రాతలోనా, ప్రాక్టికల్‌లోనా? రాతలో అయితే విషయం తెలియక పోయిందా, తెలిసి రాయలేక పోయిందా, సమయం చాలక పోయిందా? ఈ మూడింటికీ మందులు వేరు. విషయం తెలియనివాళ్లు పాఠం మళ్లీ చదవాలి. తెలిసీ రాయలేనివాళ్లు పాత ప్రశ్నపత్రాలు తీసి గడియారం పెట్టుకుని రాసి, ఎవరితోనైనా దిద్దించుకోవాలి. మూడు నెలలు పుస్తకం బట్టీపట్టి, మళ్లీ అదే 44 తెచ్చుకునేవాళ్లు ఈ రెండో రకం వాళ్లే. ప్రాక్టికల్ పోయినవాళ్లు స్కిల్ ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని, సాయంత్రాలు బొమ్మ మీద చేస్తూ, చేసేది పైకి చెప్తూ అలవాటు చేసుకోవాలి. రీవాల్యుయేషన్ లేదా రీకౌంటింగ్‌కు గడువు ఎన్నాళ్లో అదేరోజు కనుక్కోండి, సాధారణంగా అది చాలా చిన్నది.

ఇంట్లో చెప్పడం అందరికీ భయమే. దాచడం ఇంకా ఖరీదు, ఎందుకంటే సప్లిమెంటరీ ఫీజు కట్టాలి, ఏదో ఒకరోజు బయటపడుతుంది. చెప్పేటప్పుడు ఫెయిలయ్యానని మాత్రమే చెప్పకండి, తర్వాత జరగబోయేది కూడా చెప్పండి. “నాన్నా, పాథాలజీ పోయింది. సప్లీ ఆరు నెలల్లోపే ఉంది. క్లాసులకు పైసెమిస్టర్‌కు వెళ్తున్నాను. ఐదో సెమిస్టర్ పరీక్షలలోపు ఇది పాసైతే ఏడాది పోదు.” ఇంత వివరం విన్న తండ్రి తిట్టినా చదువు మాన్పించడు. ఏమీ తెలియని తండ్రి పక్కింటివాళ్ల సలహా వింటాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతుంటే, బ్యాక్‌లాగ్ వల్ల అది ఆగుతుందా లేదా అని కాలేజీ ఆఫీసులో ముందే అడిగి, ఆ సంగతి కూడా అదే ఫోన్లో చెప్పండి.

కోర్సు మొత్తం పూర్తి చేయడానికి గరిష్ఠంగా ఎనిమిదేళ్లు ఇస్తారు. పెళ్లి, కాన్పు, ఇంట్లో జబ్బు, డబ్బు ఇబ్బంది, ఏదో ఒక కారణంతో మధ్యలో ఆగిపోయే ఆడపిల్లలు ఉంటూనే ఉంటారు. వాళ్లలో చాలామంది ఇక అయిపోయిందనుకుని తిరిగి రారు, కాలం ఇంకా మిగిలి ఉన్నా. ఆగక తప్పని పరిస్థితి వస్తే చెప్పకుండా వెళ్లిపోకండి. ఏ సెమిస్టర్ దాకా పూర్తయింది, ఎప్పుడు తిరిగి చేరాలనుకుంటున్నారో ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు రాయండి. దాని కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. చేరిన తేదీ నుంచి ఎనిమిదేళ్లు ఎప్పటికి నిండుతాయో, ఆలోపు సప్లిమెంటరీ నోటిఫికేషన్లు ఏ నెలల్లో వస్తున్నాయో రాసి పెట్టుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం తొందరపడి టీసీ తీసుకోకండి. లాగ్‌బుక్‌ను మాత్రం కాలేజీలో వదలకుండా మీతోనే ఇంటికి తీసుకెళ్లండి.